తెరమీది మనోవైద్యము

గుండె దడదడలాడుచున్నదనియు, అరచేతులు చెమర్చుచున్నవనియు, రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినచో తెల్లవారుదాక మరల కన్ను మూతపడుట లేదనియు చెప్పుకొని గుండె డాక్టరు నొద్దకు పోయిన మనుష్యుడు, ఈసీజీలో దోషమేమియు లేదని తేలిన పిమ్మట థైరాయిడ్ పరీక్ష చేయించుకొనును, అటుపిమ్మట ఎండోస్కోపీకి సిద్ధపడును, అదియు ముగిసిన తరువాత జాతకము చేతబట్టుకొని సిద్ధాంతిగారి యింటికి పోవును. మనోవైద్యుని గడప తొక్కుటకు మాత్రము వెనుకాడును. ఎర్రగడ్డ, చినవాల్తేరు అను రెండు పేర్లను హైదరాబాదు, విశాఖపట్టణములలో మానసిక చికిత్సాలయములున్న పేటల పేర్లుగా గాక ఎత్తిపొడుపు మాటలుగా వాడుకొను నలవాటు మన నాలుకలకు తరతరములుగా పట్టియున్నది గదా! ఆ త్రోవలో నొకసారి కనబడినచో నలుగురేమనుకొందురో, రేపు చెల్లెలికి సంబంధము కుదురునో కుదురదో యను భయము రోగభయముకంటె బలమైనది.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేయందు, మన దేశములోని వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఆ సమయమున ఏదో యొక మానసిక బాధతో నున్నారనియు, బాధలోని భేదము ననుసరించి వారిలో 70 మొదలు 92 శాతము వరకు చికిత్స యనునదే పొందుట లేదనియు తేలినది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. మనవారికి దిగులు తక్కువ యగుటచేత గాదని వేరుగ చెప్పనక్కర లేదు. ఈ వెలితిని కొంతయైనను పూడ్చుటకు ఇటీవల వచ్చినది ఆన్‌లైన్ థెరపీ: వీడియో కాల్‌లోనో, ఫోనులోనో, చాటింగ్‌లోనో, లేక పాఠములవలె వరుసగా అమర్చిన వెబ్ కార్యక్రమముల ద్వారానో జరుగు మనశ్చికిత్స. ఫోనులో మాట్లాడినంత మాత్రమున బెంగ తీరునా యని పెద్దలును, యాప్ దించుకొన్నంత మాత్రమున తీరునని పిల్లలును అనుకొనుచున్నారు. ఇరువురును పొరబడుచున్నారని నా అభిప్రాయము. ఏలయన, ఈ వైద్యములో మనుష్యుని బాగుచేయునది ఫోనును గాదు, యాపును గాదు. రెండు సంభాషణల నడుమ అతడు తన యింట తన చేతితో చేసికొను అభ్యాసమును, దానిని వారమునకొకసారి చూచి ప్రశ్నలడుగు మరియొక మనుష్యుడును.

ఆ అభ్యాసమెట్టిదో తెలియవలయునన్న, కొంత వెనుకకు పోవలయును. ఆన్‌లైన్‌లో విరివిగా వాడబడుచున్న చికిత్సకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యని పేరు. వైద్యులు క్లుప్తముగ సీబీటీ యందురు. దీనికి మూలపురుషులలో నొకడైన ఆరన్ బెక్, ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో పనిచేయుచు, మొదట ఫ్రాయిడ్ సంప్రదాయమున శిక్షణ పొందిన మనోవిశ్లేషకుడుగనే యుండెను. రోగిని సోఫామీద పరుండబెట్టి మనసునకు తోచినదెల్ల చెప్పుమనుట ఆ సంప్రదాయము. ఒకనాడొక రోగిణి తన జీవితములోని రహస్యములను చెప్పుచు మిక్కిలి కలవరపడుచుండగా, ఆ రహస్యములే కలవరమునకు కారణమని బెక్ తలచెను; అడిగి చూడగా ఆమె చెప్పిన కారణము వేరు. తన మాటలు డాక్టరుకు విసుగు పుట్టించుచున్నవేమో యను తలపు ఆమెలో ఎడతెగక నడచుచుండెనట! పైకి వినబడు మాటలక్రింద, పిలువకయే వచ్చి, పరీక్షకు నిలువకయే నమ్మకమును సంపాదించుకొను తలపుల ధార మరియొకటి కలదనియు, దిగులుకును భయమునకును బలమిచ్చునది ఆ ధారయే యనియు బెక్ 1960ల నుండి తన పరిశోధనలలో నిరూపించుచు వచ్చెను. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ 1950ల నడుమనే మరియొక దారిని ఈ చోటికే చేరియుండెను. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్‌కు తాను ఋణపడితినని అతడు దాచుకొనలేదు.

సిద్ధాంతము వినుటకు సులభము. పని యంతయు ఆచరణలో నున్నది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఇద్దరు మిత్రులతో గది పంచుకొని, గ్రూప్స్ పరీక్షకు నాలుగవ మారు చదువుచున్న నల్లగొండ యువకుని నొకనిని ఊహించుకొందము. ఊరిలో మేనత్త కూతురి పెండ్లి. పోయినచో మేనమామ పదిమందిలో “ఇంకెన్నొద్దులు చదువుతవ్ రా?” అని అడుగును. ఆ ప్రశ్న తలపునకు వచ్చినంతనే కడుపులో త్రిప్పును; మాక్ టెస్ట్ ఉన్నదని తల్లికి అబద్ధము చెప్పి ఆగిపోవును; ఆ రాత్రి పుస్తకము తెరచిన మాటయే గాని ఒక్క పుటయు సాగదు. ఇట్టివానికి వీడియో కాల్‌లో చికిత్సకురాలు ఓదార్పు మాటలు చెప్పి పంపివేయదు. ఒక నోటుబుక్కులో గడులు గీయించును. ఏమి జరిగినది? ఆ క్షణమున మనసులో మెదలిన మాట యేది? దానిని నూటికెంత నమ్ముచున్నావు? ఏ భావము కలిగినది, నూటికెంత? ఆ మాటకు అనుకూలమైన సాక్ష్యమేది, ప్రతికూలమైన సాక్ష్యమేది? రెంటిని చూచిన పిమ్మట న్యాయముగ ఏమనవచ్చును?

యువకుడు రెండవ గడిలో “నాతోని ఏదీ కాదు” అని వ్రాసెననుకొందము. దీనికి ప్రతిగా “నేను తప్పక సాధించెదను” అని వ్రాయుమనుట ఈ చికిత్స కాదు. గోడలకంటించు ప్రోత్సాహ వాక్యములకును దీనికిని ఏమియు పొత్తు లేదు. సాక్ష్యము వ్రాయుమందురు. మూడు మారులు ప్రిలిమ్స్ పోయిన మాట నిజము. అది ఒక గడిలోనికి పోవలసినదే. డిగ్రీ మంచి మార్కులతో గట్టెక్కిన మాటయు, తమ్ముని ఫీజు కొరకు రెండేండ్లు ట్యూషన్లు చెప్పిన మాటయు, గదిలోని మిత్రులు పాలిటీలో సందేహము వచ్చినచో తననే అడుగుచున్న మాటయు నిజమే. అవి యింతవరకు లెక్కకు రాలేదు. కడపటి గడిలో అతడు వ్రాసికొను వాక్యము మిక్కిలి చప్పగా నుండును: పరీక్ష యింకను కాలేదు, ఇతర పనులు కొన్ని అయినవి. ఆ చప్పదనములోనే దాని గుణమున్నది. నమ్మదగిన వాక్యము గనుక అది నిలుచును. మొదట నూటికి తొంబది యున్న నమ్మకము అరువదికి దిగినను ఆ వారమునకు చాలును.

పట్టిక సగము పని మాత్రమే. తప్పించుకొనుట అధిక వడ్డీకి తెచ్చిన అప్పు వంటిది: ఈ పూట గడచును, అసలు పెరుగును. పెండ్లికి పోనందున కలిగిన ఉపశమనమే, మరుసటి శుభకార్యమును మరింత భయంకరముగ చేయును. కావున రెండవ సగములో భయపడు పనులను తేలికనుండి కఠినమునకు మెట్లుగా వ్రాయించి, ఒక్కొక్క మెట్టు ఎక్కింతురు. మొదట మేనత్తకు ఫోను చేసి పెండ్లి ముచ్చట్లు అడుగుట. తరువాత ఒక ఆదివారము ఊరికి పోయి టీకొట్టువద్ద పావుగంట కూర్చుండుట. ఆ తరువాత మేనమామ యింటికే పోయి, అతడడుగకముందే “ఇంకొక్కసారి రాస్త మామా, కాకుంటే బ్యాంకు పరీక్షలు చూస్త” అని చెప్పుట. ప్రతి మెట్టునకు ముందు ఏమి జరుగునని భయపడుచున్నాడో వ్రాయవలయును, పిమ్మట ఏమి జరిగినదో వ్రాయవలయును. రెండు గడులును పక్కపక్కన చూచుకొనుటయే ఇందలి మందు. మేనమామ నిజముగనే పరిహసింపవచ్చును. అప్పుడు పరిహాసమును భరించుట సాధ్యమని తేలును, అదియు ఒక ఫలితమే.

ఎడతెగని చింతకు వేరొక ఉపాయము కలదు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున థామస్ బోర్కోవెక్ 1983లో సహచరులతో ప్రకటించిన పద్ధతి యది. చింతింపవద్దని మనసునకు చెప్పిన లాభము లేదు. అందుచేత చింతకు ప్రతిదినము ఒకే వేళను, ఒకే చోటును, అరగంట కాలమును కేటాయించి, తక్కిన వేళలలో వచ్చిన చింతను కాగితముపై రెండు ముక్కలలో గుర్తువ్రాసి ఆ వేళకు వాయిదా వేయుట. సాయంకాలము ఆరు గంటలకు ఆ కాగితము తీసి కూర్చుండిన మనుష్యునికి, ఉదయము కొండంతగ తోచినవానిలో సగము విషయములు తలచుకొనుటకే తగినవి గావని తోచును. మిగిలినవానిలో చేయగల పని యున్నచో అది చింత గాదు, సమస్య. దానికి తేదీయు ఉపాయమును వ్రాసికొందురు. ఎడ్మండ్ జాకబ్‌సన్ గత శతాబ్దపు పూర్వార్ధముననే బోధించిన, కండరములను బిగించి సడలించు సాధనమును, నిదానముగ ఊపిరి విడుచుటయును ఈ చికిత్సకులు నేర్పుదురు గాని, వానిని తోడుగా వాడుకొనవలెనే తప్ప వానితోనే సరిపెట్టరాదు.

ఆత్మన్యూనత మాట వేరు. అది ఒక సంఘటనకు కట్టుబడినది కాదు. 1890లో విలియం జేమ్స్ తన మనశ్శాస్త్ర గ్రంథమున ఆత్మగౌరవమునకు ఒక భిన్నమును వ్రాసెను: పైన సాధించినది, క్రింద సాధింపగోరినది. పైసంఖ్య పెరిగినను, క్రిందిసంఖ్య తగ్గినను విలువ పెరుగును. మన ఊళ్ల కూడళ్లలో కార్పొరేట్ కాలేజీలు ర్యాంకులతోను ఫోటోలతోను నిలబెట్టు హోర్డింగులను చూచినప్పుడెల్ల, వేలాది పిల్లల క్రిందిసంఖ్యను ఒక్క రాత్రిలో పెంచివేయు యంత్రములివి యని నాకు తోచును. ఆక్స్‌ఫర్డ్‌లోని మెలనీ ఫెన్నెల్ 1997లో ఈ బాధకు సీబీటీ దృష్టితో ఒక నమూనాను ప్రకటించెను. చిన్ననాటి అనుభవములనుండి “నేను చాలను” అనునట్టి తీర్పొకటి అడుగున గట్టిపడును. దానిని కప్పిపుచ్చుటకు మనుష్యుడు తనకు తాను నియమములు విధించుకొనును: ఎవరికిని కాదనరాదు, ఏ పనిలోను తప్పు దొర్లరాదు, సాయమడుగరాదు. నియమము సాగినన్నాళ్లు అంతయు బాగుగనే యుండును. తప్పిన దినమున అడుగునున్న తీర్పు పైకి లేచి, ఆత్మనిందగ మారును.

కావున ఇచ్చట అభ్యాసము కొంత విచిత్రముగ నుండును. నియమమును బుద్ధిపూర్వకముగ, చిన్న మోతాదులో ఉల్లంఘింపుమందురు. పంపవలసిన మెయిలును పదిమార్లకు బదులు ఒక్కమారే చదివి పంపుట. తోడికోడలు అడిగిన పనికి “ఇవాళ కుదరదక్కా” అని ఒకసారి యనుట. వంటలో ఉప్పు తక్కువైనను క్షమాపణలు చెప్పకయే వడ్డించుట. వీనితోపాటు ప్రతిరాత్రి ఒక పుస్తకములో, ఆనాడు తనలో కనబడిన మంచి గుణమునకు సాక్ష్యముగ చిన్న సంగతులు రెండుమూడు వ్రాయవలయును. “మంచిదానను” అని వ్రాసిన లెక్కకు రాదు. “అత్తగారి బీపీ మాత్రలు అయిపోవుచున్నవని గుర్తించి తెప్పించితిని” అని వ్రాసిన వచ్చును. తన్ను తాను తక్కువ చేసికొను నలవాటుగల వారికి, అందును మన యిండ్లలో ఆడువారికి, మొదటి రెండు వారములు ఆ పుట నిండదు. అట్టివేళ చికిత్సకుని పని, వారము దినములలో వారు చేసిన పనులను అడిగి అడిగి బయటికి తీయుట.

ఇట్టి వైద్యములో అధికభాగము వ్రాతయు, అభ్యాసమును, లెక్కయు నగుటచేతనే అది దూరమునుండి నడచుటకు అనుకూలమైనది. యంత్రముతో సంభాషించు ప్రయత్నము మిక్కిలి పాతది. అమెరికాలో ఎంఐటీ యందు జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ప్రకటించిన ఎలైజా అను కంప్యూటరు ప్రోగ్రాము, రోగి చెప్పిన మాటనే కొంచెము త్రిప్పి ప్రశ్నగ మరల అడుగుచు, మనోవైద్యుని అనుకరించెడిది. దాని గుట్టు తెలిసిన ఆయన కార్యదర్శినియే, దానితో రహస్యముగ మాట్లాడుకొనుటకు ఆయనను గదినుండి బయటికి పొమ్మని కోరెనట! వైజెన్‌బామ్ దీనికి సంతోషింపలేదు, బెదరెను. తన శేషజీవితములో యంత్రములను అతిగా నమ్మరాదని హెచ్చరించుచు వచ్చెను. ఈనాడు కృత్రిమ మేధతో తెల్లవార్లు మనసు విప్పుకొనుచున్న మన పిల్లలను చూచినచో ఆయన ఏమనెడివాడో ఊహించుట కష్టము గాదు.

ఫలించిన మార్గము వేరు. అది మనుష్యుడు కాగితము దిద్దిన మార్గము. 1990ల చివర ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఆల్ఫ్రెడ్ లాంగె బృందము, ఘోరానుభవములను పొందినవారిచేత ఇంటర్నెట్ ద్వారా క్రమపద్ధతిలో వ్రాయించి, వ్రాసినదానికి చికిత్సకులచేత సలహాలు పంపించెను. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమువారు 2001లో మూడ్‌జిమ్ అను కార్యక్రమమును ఎల్లరకు తెరచిరి. స్వీడన్‌లో గెర్హార్డ్ ఆండర్సన్, పెర్ కార్ల్‌బ్రింగ్ మున్నగువారి పరిశోధనల ఫలముగ, స్టాక్‌హోమ్‌లో 2007 నాటికి ఇంటర్నెట్ మనోవైద్యశాల యొకటి ప్రభుత్వ వైద్యసేవలో భాగమయ్యెను. అచ్చటి పద్ధతిలో రోగి సుమారు పదిపండ్రెండు వారములు వారమునకొక పాఠము చదివి అభ్యాసము పంపును. చికిత్సకుడు దానిని చదివి జాబు వ్రాయును. ఒక్కొక్క రోగికి వారమునకు అతడు వెచ్చించు కాలము పావుగంటకు మించదు. ఆ పావుగంటయే కీలకము. ఆందోళనకును, తీవ్రముగాని దిగులుకును ఇట్లు మనుష్యుని తోడుతో నడచిన చికిత్స ఎదురెదుట కూర్చుండి చేసినదానికి దాదాపు సమానమైన ఫలితము నిచ్చుచున్నదని పలు పరిశోధనలు చూపినవి; తోడు లేక ఒంటరిగ పాఠములు చదువుకొనువారిలో చాలమంది నడుమ మానివేయుచున్నారు.

మన తెలుగునాట దీనికి ఆధారము లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను ఆరోగ్య పరిశోధన సంస్థవారు జరిపిన ప్రయోగమున, ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లు చేతబట్టుకొని ఇంటింటికి పోయి ప్రశ్నలడిగి, దిగులుతోను ఆందోళనతోను నున్నవారిని గుర్తించిరి. ఆ జవాబులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునికి చేరి, చికిత్సకు దారి చూపెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు నిమ్‌హాన్స్ ప్రధాన కేంద్రము. 14416 అను నంబరుకు పగలు రాత్రి యను భేదము లేక ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగుతో కలిపి 20 భాషలలో మాట్లాడుదురు. ఇప్పటికి 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చినవి. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వినును. అవసరమైనచో మనోవైద్యునికి అప్పగించును. తెలుగులో మాట్లాడగలుగుట చిన్న సౌకర్యము గాదు. ఆఫీసులో ఎంత ఇంగ్లీషు మాట్లాడువానికైనను, అర్ధరాత్రి తన్ను తాను తిట్టుకొనునది ఊరి మాటలలోనే. ఆ మాట ఆ యాసలోనే పట్టికకెక్కవలయును.

డబ్బిచ్చి ప్రైవేటుగా చేరువారు అడుగవలసిన దాని యందు మొగమాటము పనికిరాదు. ఈ చికిత్సకులలో మందులు వ్రాయు అధికారము సైకియాట్రిస్టుకే కలదు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకముల ప్రకారము అతడు తన రిజిస్ట్రేషన్ నంబరును చీటీమీద చూపవలయును. క్లినికల్ సైకాలజిస్టు అనుకొనువారి పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టికలో నుండవలయును. కౌన్సెలర్, కోచ్, హీలర్ అను బిరుదులు మాత్రము వారాంతపు శిక్షణతో సంపాదించినవారును కలరు గనుక, ఎచ్చట చదివితిరి, ఏ పద్ధతి వాడెదరు, ఎన్ని సిట్టింగులు పట్టును, ఇంటిపని యిత్తురా యని అడుగవలయును. నాలుగవ ప్రశ్నకు జవాబు లేనివారియొద్ద కాలము వ్యర్థమని నా తలంపు.

రహస్యము సంగతి మరియొకటి. అమెరికాలో బెటర్‌హెల్ప్ అను ప్రసిద్ధ సంస్థ, తన్నాశ్రయించిన వారి ఈమెయిళ్లను, వారు నింపిన ఆరోగ్య ప్రశ్నావళి సమాచారమును ప్రకటనల నిమిత్తము ఫేస్‌బుక్ మున్నగు సంస్థలకు అందించెనను అభియోగముపై, 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందమునకు వచ్చి 78 లక్షల డాలర్లు చెల్లింప నంగీకరించెను. యాపునకు ఏ అనుమతు లిచ్చుచున్నామో చదువుట కొంత విసుగు పనియే, అయినను చేయదగినది. మన యిండ్లలో దీనికంటె దగ్గరి ముప్పు పలుచని గోడ. రెండు గదుల యింటిలో అత్తగారు సీరియల్ చూచుచుండగా కోడలు తన బాధను ఎట్లు చెప్పుకొనును? డాబామీదికి పోవువారు, ఆగియున్న కారులో కూర్చుండువారు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వీథిలో నడచుచు మాట్లాడువారు కలరు; మాట్లాడుట వీలుగానివారికి చాటింగ్ సిట్టింగులున్నవి.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో చదువుకొనుచున్న మన విద్యార్థులు హైదరాబాదులోని తెలుగు చికిత్సకులతో మాట్లాడుట ఇప్పుడు సామాన్యమైనది. భాషకును ఖర్చుకును అది మేలు. కాని అమెరికాలో ఈ వృత్తికి లైసెన్సులు రాష్ట్రమునకు రాష్ట్రమే యిచ్చును గనుక ఇచ్చటివారికి అచ్చట అధికారము లేదు; అర్ధరాత్రి ఆపద వచ్చినచో ఇచ్చటినుండి సాయము పంపుటయు అసాధ్యము. అచ్చటివారు 2022 జూలైనుండి 988 నంబరుకు ఫోను చేయవచ్చును. చావు తలపులు వచ్చుచున్నవారును, లేని మాటలు వినబడుచున్నవారును, నిద్రాహారములు పూర్తిగ తప్పినవారును వారమునకొకసారి తెరమీద మాట్లాడు వైద్యముతో ఆగరాదు. దగ్గరి ఆసుపత్రికి పోవలయును, లేదా తత్‌క్షణమే 14416కు ఫోను చేయవలయును. పోలీసు కేసగునేమో యని వెనుదీయు కుటుంబములింకను కలవు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నము చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారినిగనే భావింపుమనుచున్నది. శిక్షకు గాక సంరక్షణకు అర్హులనుచున్నది.

చేరిన దినముననే చాలమంది చికిత్సకులు జీఏడీ-7 అను ఏడు ప్రశ్నల పత్రమును నింపింతురు. గడచిన రెండు వారములలో ఆందోళన ఎన్ని దినములు బాధించినదో అడుగు ప్రశ్నలవి. ఒక్కొక్కదానికి 0 మొదలు 3 మార్కులు, మొత్తము 21. కొన్ని వారములకొకసారి దానినే మరల నింపింతురు గనుక, బాగుపడుచున్నదీ లేనిదీ ఊహకు వదలకుండ అంకెలో కనబడును. ఐదారు సిట్టింగులైనను అంకె కదలనిచో పద్ధతి మార్చుమనియో, మందుల విషయము సైకియాట్రిస్టుతో మాట్లాడుదమనియో అడుగుటకు సంకోచింపవలదు. అంకె దిగిన పిమ్మట సిట్టింగులు వారమునుండి పక్షమునకు, పక్షమునుండి మాసమునకు ఎడమగును. కడపటి సిట్టింగులో చికిత్సకుడు మాట్లాడునది తక్కువ; రోగి తన చేతివ్రాతతో ఒక పుట వ్రాయును. బాధ మరల వచ్చునప్పుడు తనలో మొదట కనబడు గుర్తులు, తనకు పనిచేసిన అభ్యాసములు, ఇంటిలో ఎవరికి చెప్పవలసినది, ఏ నంబరుకు ఫోను చేయవలసినది అందుండును. జీఏడీ-7 పత్రమును ఇంటివద్దనే నింపుకొని 10 మార్కులు వచ్చినచో ఆగక మరల సిట్టింగు అడుగవలసినదని ఆ పుట చివర వ్రాయింతురు.